తలుపులు, తిన్నెలు, వీధి కుక్కలు: తిరుపతిలో నడుస్తూ గమనించినవి

తీర్థకట్ట_పాదచారి

గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ ఉన్న మాడవీధుల్లోనూ, వాటిని ఆనుకొని ఉన్న సన్నిధి వీధి, కర్నాల వీధి, తీర్థకట్ట వీధుల్లోనూ తెల్లవారుజామున నడవడం నాకు చాలాకాలంగా అలవాటు. గోపురాన్ని గురించి, ఉత్సవాలను గురించి రాసినవారు ఎందరో ఉన్నారు గనుక నేను వాటి జోలికి పోవడం లేదు. నడిచేవాడి కంటికి ముందుగా ఆనేది ఇంటి తలుపు, ఆ తర్వాత దాని ముందు పడుకొన్న కుక్క. ఈ రెంటినీ విడివిడిగా చూసినంతకాలం నాకు విశేషమేమీ కనబడలేదు. కలిపి చూడడం మొదలుపెట్టాక మాత్రం, కుక్క ఏ ఇంటి ముందు నిద్రపోతుంది, ఏ ఇంటి ముందు మొరుగుతుంది, ఏ ఇంటిని పట్టించుకోకుండా సాగిపోతుంది అన్నది ఆ ఇంటివారి స్వభావం కంటే ఆ ఇంటి ముంగిలి కట్టిన తీరు మీదే ఎక్కువగా ఆధారపడి ఉందని తోచింది.

పాత ఇళ్ళను పడగొట్టి లాడ్జీలుగా, దుకాణాలుగా మారుస్తున్నందువల్ల ఈ వీధుల్లో పాతకాలపు తలుపులు ఇక కొద్దిగానే మిగిలాయి. వాటిలో ఒకదాన్ని వివరిస్తాను. రెండు రెక్కల టేకు తలుపు. ఒక రెక్క అంచున నిలువుగా కొట్టిన పట్టీ మీద వరుసగా ఇత్తడి గుబ్బలున్నాయి. రోజూ చేయి తగిలే ఎత్తులో ఉన్న గుబ్బలు మాత్రమే మెరుస్తున్నాయి, మిగిలినవి నల్లబడిపోయాయి. ద్వారబంధం పై కమ్మి మీద నడుమ గజలక్ష్మి, ఇరుపక్కలా శంఖచక్రాలు చెక్కి ఉన్నాయి గాని, పండుగ పండుగకూ పూసిన రంగుల పొరల కింద అమ్మవారి ముఖం దాదాపు చదునైపోయింది. తలుపుకు రెండు వైపులా కడప బండలు పరిచిన తిన్నెలు. ఎడమ తిన్నె కింద ఎర్రటి ఒళ్ళు, నల్లటి మూతి గల ఒక ఆడకుక్క వీపును గోడకు ఆనించి, మూతిని వీధివైపు పెట్టి పడుకొని ఉంటుంది. లోపల గొలుసు తీసిన చప్పుడుకు అది కళ్ళు తెరవదు, ఒక చెవిని మాత్రం తలుపువైపు తిప్పి మళ్ళీ వాల్చేస్తుంది. అదే తెలియని స్కూటరు సందు మలుపు తిరిగితే లేచి కూర్చుంటుంది.

కొత్త ఇళ్ళ ముందు ఈ దృశ్యం లేదు. భవానీనగర్‌లోగాని, రాయల్‌నగర్‌లోగాని ప్రహరీగోడ, ఇనుప గేటు, కారు ఎక్కడానికి కాలువ మీద పోసిన సిమెంటు వాలు తప్ప వీధికి ఆనుకొన్న తలుపే కనబడదు. అక్కడ కుక్కలు ఉన్నాయి, కాని అవి ఏ ఇంటివీ కావు. సందు మొదట్లో గుంపుగా ఉండి వచ్చేపోయేవారినందరినీ నిలదీస్తాయి. తిన్నె ఉన్న వీధిలో కుక్క ఒక ఇంటికి కుదురుకొంటుందనీ, గేట్ల వీధిలో అది వీధికి కాపలాదారుగా మారుతుందనీ నా అభిప్రాయం. మీ పేటల్లో ఎలా ఉందో తెలుసుకోవాలని ఉంది.

పాలప్యాకెట్ల_ఏజెంటు

మీరు వర్ణించిన తీరు బాగుంది గాని, కారణం విషయంలో నేను ఏకీభవించను. కుక్క చూసేది తలుపు కట్టడాన్ని కాదు, అది తెరుచుకొనే వేళను. తెల్లవారక ముందే వీధిలోకి వెళ్ళేవాళ్ళం మేమూ, పేపరు వేసే పిల్లలూ గనుక ఈ సంగతి మాకు తెలిసినంతగా మరొకరికి తెలియదని కొంచెం గర్వంగానే చెప్పుకొంటాను. ఏ ఇంటి తలుపు ముందుగా తెరుచుకొంటుందో, ఏ ఇల్లాలు కల్లాపి చల్లాక రాత్రి మిగిలిన అన్నాన్ని గోడ పక్కన పెడుతుందో వీధిలోని ప్రతి కుక్కకూ తెలుసు. నాలుగున్నరకు తెరుచుకొనే తలుపు ముందు నాలుగింటికే చేరి కూర్చుంటాయి. ఆ ఇల్లు ఖాళీ అయి అద్దెకు ఇచ్చే బోర్డు వేలాడదీస్తే కొద్దిరోజులు వచ్చి చూసి, ఆ తర్వాత మరో గడపకు మారిపోతాయి. తిన్నె అక్కడే ఉంటుంది, కుక్క మాత్రం ఉండదు.

ఇక మొరగడం గురించి. నా బండి చప్పుడు వాటికి కొట్టినపిండి గనుక నేను వెళ్ళినప్పుడు తోక కూడా ఆడించవు. నాకు ఒంట్లో బాగాలేక మా బావమరిది వేరే బండి మీద వెళ్ళిన రోజున మాత్రం వీధి చివరి దాకా తరిమాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: తరిమితే వేగం పెంచవద్దు, బండిని నెమ్మది చేసి ఆపండి. కదిలే చక్రం మీద ఉన్న పట్టుదల ఆగిన చక్రం మీద ఉండదు.

వడ్రంగి_మనుమడు

మా తాతగారూ, నాన్నగారూ ఈ ఊళ్ళో ద్వారబంధాలు నిలబెట్టినవారే. నేను ఇప్పుడు ఎక్కువగా తయారై వచ్చిన తలుపులు బిగిస్తున్నాను. పాదచారి గారి మాటకు నా వైపు నుంచి కొంత బలం చేకూర్చగలను.

పాత తలుపులకు బందులు ఉండవు. రెక్క పైనా కిందా పొడుచుకు వచ్చిన గుండ్రటి మొనలు ఉంటాయి. కింది మొన గడప వెనుక తొలిచిన గుంటలో కూర్చొని తిరుగుతుంది. మీరు తెల్లవారుజామున వినే ఆ కిర్రుమన్న చప్పుడు ఆ గుంటలో చెక్క ఒరుసుకోవడం వల్ల వచ్చేదే. ప్రతి తలుపు చప్పుడూ వేరుగా ఉంటుంది గనుక తన ఇంటి చప్పుడును కుక్క గుర్తుపట్టడంలో ఆశ్చర్యం లేదు. ఇప్పటి ఉక్కు తలుపులూ, ఫ్లష్ డోర్లూ అన్నీ ఒకేలా టక్కుమని మూసుకొంటాయి.

రెండవది వాన. తిరుపతికి ఈశాన్య రుతుపవనాల వాన ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెక్క తేమను పీల్చుకొని అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో మాత్రం పెద్దగా మారదు. అందువల్ల రెండు రెక్కలూ ఒకదానితో ఒకటి పట్టేసి, గట్టిగా తోస్తేగాని మూతపడవు. పెద్దవాళ్ళకు తోసే ఓపిక ఉండదు గనుక పగలంతా ఓరగా వదిలేస్తారు. ఆ ఓరలోంచి తడిసిన కుక్క లోపలికి వచ్చి నడవలో పడుకొంటుంది. కార్తీకమాసంలో చిత్రిక పట్టమని వచ్చే పిలుపుల్లో సగం నిజానికి కుక్క గురించిన ఫిర్యాదులే.

అసలు పెద్ద మార్పు రోడ్డుది. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు రోడ్డు పోస్తూ పోవడం వల్ల, ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి వెళ్ళిన గడపలు ఇవాళ వీధితో సమానమయ్యాయి. కొన్ని సందుల్లో వీధిలోంచి ఇంట్లోకి దిగవలసి వస్తోంది. తిన్నె ఎత్తు తగ్గి అరడుగు గట్టుగా మిగిలింది. మెట్లు ఉన్నంతకాలం వీధికీ ఇంటికీ మధ్య కుక్కకు తనదైన చోటు ఉండేది. మెట్లు మునిగిపోయాక అది వీధిలో బండ్ల కిందో, ఇంటి లోపలో, ఏదో ఒకచోట ఉండక తప్పదు. 2021 నవంబరు వరద తర్వాత చాలామంది గడపకు అడ్డంగా సిమెంటు దిమ్మె కట్టించుకొన్నారు. నీటి కోసం కట్టిన ఆ దిమ్మె కుక్కలను కూడా ఆపుతోంది. మోకాళ్ళ నొప్పులున్న ముసలివాళ్ళను కూడా ఆపుతోందనుకోండి.

బైరాగిపట్టెడ_గృహిణి

ఇంతమంది తలుపుల గురించి రాశారు గాని తలుపు ముందు నేలను ఎవరూ తలచుకోలేదు. కల్లాపి చల్లి, చుక్కలు పెట్టి, ముగ్గు పూర్తిచేసి లోపలికి వెళ్ళి కాఫీ పొయ్యి మీద పెట్టేలోగా ముగ్గు నడుమ చల్లటి చోటు చూసుకొని చుట్టచుట్టుకొని పడుకొనే కుక్క ఒకటి మా ఇంటి ముందు ఉంది. దానికి వీపు మీద ఎప్పుడూ తెల్లటి పిండి అంటుకొనే ఉంటుంది గనుక ఏ ఇంటిదని ఎవరూ అడగనక్కరలేదు.

మా వీధిలో ఇంకో సంగతి గమనించాను. గేట్లకూ, మెట్ల మీదా నీలిరంగు నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సీసాలు వేలాడదీస్తున్నారు. అది చూసి కుక్కలు దగ్గరికి రావని నమ్మకం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని ఒక ఇంటిని చూసి మరొకరు పెట్టగా ఇప్పుడు వరుసలో ఒకటి రెండు ఇళ్ళు తప్ప అన్నింటికీ ఉన్నాయి. కొందరు కుంకుమ కలిపి ఎర్రనీళ్ళు పెట్టారు. మా ఎదురింటి గేటు దగ్గర పెట్టిన సీసా మీదే ఒక కుక్క కాలెత్తడం నేను నా కళ్ళతో చూశాను. వీటిలో ఏమైనా నిజముందా అని తెలిసినవారు చెప్పగలరు.

పశువైద్య_విద్యార్థిని

సీసాల సంగతి చెబుతాను. కుక్క కంటిలో రంగులను గుర్తించే కణాలు రెండు రకాలే ఉంటాయి, మనకు మూడు. నీలం, పసుపు వాటికి బాగానే తెలుస్తాయి. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా సరిగా తెలియదు. అంటే నీలిరంగు సీసా కుక్కకు కనబడుతుంది, కాని దాన్ని చూసి భయపడవలసిన కారణం ఏదీ లేదు. కొత్త వస్తువు కనబడితే మొదట్లో కొంచెం అనుమానంతో దూరంగా ఉండవచ్చు. అలవాటు పడ్డాక అది గోడలో భాగమే. కాలెత్తడం తన గుర్తు వదలడానికి చేసే పని, గేటు స్తంభం, కారు టైరు, గోడ మూల వంటి నిలువుగా పొడుచుకొని ఉన్నవన్నీ దానికి అనువైన చోట్లే. కొత్తగా పెట్టిన సీసా దాన్ని ఆహ్వానించినట్టే.

తిన్నె మీద నాకు తోచింది కూడా చెబుతాను. కుక్క మనలా ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడదు, ప్రధానంగా వగర్చడం ద్వారానే వేడిని వదులుతుంది. పొట్ట కింద వెంట్రుకలు పలుచగా ఉంటాయి గనుక చల్లటి బండకు పొట్టను ఆనిస్తే దానికి హాయి. తిరుపతి ఎండలో నీడపట్టున ఉన్న బండ, కల్లాపితో తడిసిన నేల, కాలువ పక్కన తవ్వుకొన్న గుంట, ఈ మూడూ దానికి ఒకే అవసరాన్ని తీరుస్తున్నాయి. వీపును గోడకు ఆనించడం వెనుక కారణం వేరు: వెనుక నుంచి ఎవరూ రాలేరు, ముందు వీధి అంతా కనబడుతుంది.

గేట్ల విషయంలో పాదచారి గారు చెప్పినదానికి ఒక చేర్పు. కమ్మీల గేటు వెనుక ఉన్న పెంపుడు కుక్క దారినపోయే ప్రతివారినీ చూస్తుంది, దగ్గరికి వెళ్ళలేదు. ఆ అడ్డంకి వల్ల పుట్టే చికాకు మొరుగుడుగా మారుతుంది. అదే కుక్కను గేటు బయట పట్టుకొని తీసుకువెళితే చాలాసార్లు మెత్తగా ఉంటుంది. కమ్మీలకు రేకు కొట్టించిన ఇళ్ళలో చూపు ఆగిపోతుంది గనుక కొంత తగ్గుతుంది. కింది సందులోంచి ముక్కు మాత్రం బయటికి వస్తుంది.

నడిచేటప్పుడు మరొకటి గమనించండి. ఒక చెవి కొసను కొద్దిగా కత్తిరించిన కుక్కలు కనబడితే వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ జరిగిందని అర్థం. దూరం నుంచే గుర్తించడానికి ఆ ఆనవాలు పెడతారు.

కొర్లగుంట_తండ్రి

కుక్కను తలుపు పక్కన ఒక అలంకారంలా వర్ణిస్తున్నందుకు నాకు కొంత ఇబ్బందిగా ఉంది. మీరంతా పెద్దవాళ్ళు, తెల్లవారుజామున తీరికగా నడుస్తారు. మా పాప బడి నుంచి ఆటో దిగే మధ్యాహ్నం వేళలో మా సందు వేరుగా ఉంటుంది. సందు చివర కోడిమాంసం కొట్టు వ్యర్థాలు పడేసే చోటు నుంచి కుక్కలు అక్కడికీ ఇక్కడికీ తిరుగుతుంటాయి. పాప గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చి నిలబడుతుంది; గడియ లోపలి వైపున, పెద్దవాళ్ళ భుజం ఎత్తులో ఉంది, కాలింగ్ బెల్ దానికంటే పైన. మా ఆవిడ మిద్దె మీద నుంచి దిగి వచ్చేదాకా ఆ పిల్ల గేటుకు వీపు ఆనించి నిలబడవలసిందే. ఒకరోజు కుక్క సంచి పట్టి లాగింది. అదృష్టవశాత్తూ పంటిగాటు పడలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని చిన్నదే. వెల్డింగు అతన్ని పిలిపించి గడియను పిల్ల చేతికి అందే ఎత్తుకు దించి, బయటి నుంచి కూడా తీయగలిగేలా కమ్మీల మధ్య చేయి దూరే సందు చేయించాను. దొంగల భయం అని ఇంటి యజమాని గొణిగాడు. మన గేట్లన్నీ పెద్దవాళ్ళ ఎత్తుకూ, కార్ల వెడల్పుకూ కట్టినవి. వీధిలో అందరికంటే భయపడేవాళ్ళు అందరికంటే పొట్టిగా ఉన్నవాళ్ళే అన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. తలుపుల గురించి చర్చ అంటే ఇది కూడా రావాలి.

తీర్థకట్ట_పాదచారి

తప్పకుండా రావాలి. నేను వెతుకుతున్నది కూడా ఇటువంటి వివరాలనే. ఏజెంటు గారి మాట మీద మాత్రం ఒక్క ముక్క. తిండి వల్ల కుక్క ఏ వీధికి వస్తుందో తెలుస్తుంది. వచ్చాక ఎక్కడ పడుకొంటుందో, ఎవరి మీద మొరుగుతుందో తిండి ఒక్కటే చెప్పలేదు. కోడిమాంసం కొట్టు దగ్గర తిన్న కుక్కలు కొట్టు దగ్గరే నిద్రపోవడం లేదు కదా. కొర్లగుంట వారి సందులో వాటికి కూర్చోవడానికి ఒక్క గట్టు కూడా లేదని, రోడ్డు మధ్యలోనూ, ఆగి ఉన్న బండ్ల నీడలోనూ ఉంటున్నాయని నా ఊహ. అవునో కాదో వారే చెప్పాలి.

కొర్లగుంట_తండ్రి

బండ్ల నీడలోనే ఉంటాయి. బండి తీయబోతే గుర్రుమంటాయి.

గ్రీమ్స్‌పేట_విశ్రాంత_ఉపాధ్యాయుడు

చిత్తూరు నుంచి రాస్తున్నాను. విషయం తిరుపతిదే అయినా మా ఊరి తలుపులూ ఆ తీరువే కాబట్టి జోక్యం చేసుకొంటున్నాను. 2011 జనగణన పనిలో గడప గడపకూ తిరిగినవాణ్ణి. అటువంటి పని చేసిన ఉపాధ్యాయుడికి ఊరి తలుపులు చదవడం వస్తుంది. ద్వారబంధం మీద రంగుతో రాసిన పాత ఇంటి నంబరు, దాని పక్కన తగరపు బిళ్ళ మీద కొత్త నంబరు, పల్స్ పోలియో సిబ్బంది సుద్దముక్కతో వేసిన గుర్తు, మేము రాసిన జనగణన అంకె, వీటన్నింటి కింద చెదలు పట్టకుండా పూసిన తారు చార. ఇంటివారు వెల్ల వేసినప్పుడు కూడా ఆ అంకెలను చెరపకుండా చుట్టూ వేస్తారు. ప్రభుత్వం రాసినదాన్ని చెరిపితే ఏమవుతుందోనన్న జంకు కాబోలు.

అంకెలు రాయాలంటే తలుపు దాకా వెళ్ళాలి, తలుపు దాకా వెళ్ళాలంటే కుక్కను దాటాలి. మిట్టూరులో ఒక ఇంటి గేటుకు కుక్క ఉంది జాగ్రత్త అని బోర్డు ఉంది. పిలిచి పిలిచి విసిగి లోపలికి వెళ్ళి చూస్తే కుక్క చనిపోయి ఏళ్ళయిందట, బోర్డు మాత్రం తీయలేదు. దానికి భిన్నంగా నీవా నది వైపు ఉన్న ఒక గుడిసెల వరుసలో తలుపులే సరిగా లేవు, పాత గోనెపట్టాలు వేలాడుతున్నాయి. అక్కడ ప్రతి పట్టా ముందూ ఒక కుక్క ఉంది. తలుపు గట్టిగా లేని చోట కుక్కే గడియ. మా సహోద్యోగులు కొందరు ఆ వరుసకు వెళ్ళడానికి జంకేవారు. నేను దూరంగా నిలబడి ఇంటి పెద్దను పేరు పెట్టి పిలిచేవాణ్ణి. మనిషి బయటికి వచ్చి పక్కన నిలబడగానే కుక్క మొరగడం మాని ఆయన కాళ్ళ పక్కకు చేరేది.

మా వైపు గ్రానైటు విరివిగా దొరుకుతుంది గనుక ఇటీవలి ఇళ్ళ మెట్లన్నీ నున్నగా పాలిష్ పట్టించిన నల్లరాతివే. వాన పడితే వాటి మీద మనుషులే జారుతున్నారు. కుక్కలు వాటిని ఎక్కకుండా పక్కనున్న గరుకు సిమెంటు వాలు మీదుగానే పోవడం నేను చాలా ఇళ్ళ ముందు చూశాను.

అలిపిరి_రోడ్డు_నివాసి

కొండ పక్కనుండే మాకు ఇంకో లెక్క ఉంది. శేషాచలం అడవి మా పేటలకు దగ్గర. చిరుతలకు వీధి కుక్కలు సులభంగా దొరికే ఆహారం; విశ్వవిద్యాలయాల ప్రాంగణాల్లో, కొండ అంచు కాలనీల్లో చిరుత కనబడిందన్న వార్తలు మాకు కొత్త కాదు. అందువల్ల మా వైపు చీకటి పడ్డాక కుక్కలు సందు మొదట్లో ఉండవు. దీపం వెలుగుతున్న వరండాల దగ్గరికి, గేటు కమ్మీలకు ఒళ్ళు ఆనించి చేరతాయి. కొండవైపు తిరిగి ఒక్కసారిగా అన్నీ కలిసి మొరిగి, ఆ వెంటనే ఒక్కసారిగా ఆపేస్తే మా అమ్మ లేచి తలుపు గడియ పడిందో లేదో చూసుకొంటుంది.

తాతయ్యగుంట_వీధి

గంగజాతర రోజుల్లో తలుపులనూ, కుక్కలనూ చూసినవారు ఎవరైనా ఉన్నారా? మే నెలలో చాటింపు వేసింది మొదలు వేషాలు వీధుల్లోకి వస్తాయి. కైకాల వంశస్థులు వేసే అమ్మవారి వేషం గడప ముందుకు వచ్చినప్పుడు ఆడవాళ్ళు పసుపునీళ్ళు, వేపాకు సిద్ధంగా ఉంచుకొని కాళ్ళకు పోస్తారు. ఏడాది పొడవునా మూసి ఉండే కొత్త ఇళ్ళ గేట్లు కూడా ఆ పూట బార్లా తెరిచి ఉంటాయి, వీధి మొత్తం ఒకే వాకిలిలా కనబడుతుంది. అయితే డప్పుల మోత మొదలైన క్షణం నుంచి మా వీధి కుక్కలు ఒక్కటీ కనబడవు. ఎక్కడికి పోతాయో గమనిస్తే, ఎక్కువ భాగం మేడమెట్ల కింద, నీళ్ళ మోటారు పెట్టిన గూట్లో దూరి ఉన్నాయి. మా ఇంటి మెట్ల కిందికి మాత్రం పక్క వీధి కుక్క కూడా చేరింది. మామూలు రోజుల్లో ఆ రెండూ ఎదురుపడితే వీధి దద్దరిల్లుతుంది.

కొర్లగుంట_తండ్రి

విద్యార్థిని గారిని ఒకటి అడుగుతాను. ఆపరేషన్ చేసి మళ్ళీ మా సందులోనే వదిలితే మాకు ఒరిగేదేమిటి? పట్టుకుపోయినవాటిని తెచ్చి మళ్ళీ ఇక్కడే దించడం మా వీధిలో ఎవరికీ మింగుడు పడడం లేదు.

పశువైద్య_విద్యార్థిని

అడగవలసిన ప్రశ్నే. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకొన్న చోటనే వదలాలి. ఖాళీ అయిన వీధిలో తిండి దొరుకుతున్నంతకాలం పక్క వీధుల నుంచి టీకా పడని కొత్త కుక్కలు వచ్చి చేరతాయన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఇదే పద్ధతిని సమర్థిస్తూ, రేబిస్ సోకినవాటినీ, సోకిందన్న అనుమానం ఉన్నవాటినీ, దూకుడుగా ఉండేవాటినీ మాత్రం తిరిగి వదలకూడదని చెప్పింది; వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకుండా వార్డుల్లో ప్రత్యేక స్థలాలు కేటాయించమంది. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు వంటి చోట్ల పట్టుకొన్న కుక్కలను తిరిగి అక్కడే వదలవద్దని ఆదేశించింది. యాత్రికులు రాత్రంతా ఆరుబయట పడుకొనే మన స్టేషన్ పరిసరాలకు ఇది నేరుగా వర్తిస్తుంది.

తిండి పెట్టే చోటు గురించి 2023 నియమాల్లో ఉన్న మాట ఈ చర్చకు బాగా సరిపోతుంది: అది మెట్ల దగ్గర, ఇళ్ళ రాకపోకల దారుల్లో, పిల్లలు ఆడుకొనే చోట ఉండకూడదు. గేటు ముందు అన్నం పెట్టేవారు ఆ గేటును కుక్కకు కాపలా స్థలంగా మారుస్తున్నారు. పదడుగులు అవతల గోడ మూలన పెడితే పాప దిగే చోటు ఖాళీ అవుతుంది. చలికాలంలో పిల్లలను పెట్టిన తల్లికుక్క మెట్ల కిందో, గేటు వాలు కిందో ఉంటే ఆ కొద్ది వారాలు మాత్రం ఆ దారిలో పిల్లలను ఒంటరిగా పంపవద్దు.

పంటిగాటు గాని, రక్తం రాకపోయినా సరే గీత గాని పడితే వెంటనే కుళాయి నీటి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. కండకు వేసే టీకా అయితే మొదటి రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే దానిలోనూ, దాని చుట్టూ వేరే మందు కూడా ఎక్కిస్తారు. కుక్క తెలిసిన ఇంటిదే కదా అని మానుకోవద్దు.

బైరాగిపట్టెడ_గృహిణి

నేను రేపటి నుంచి అన్నం గిన్నెను ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె వైపు మారుస్తాను. వడ్రంగి గారిని ఒకటి అడగాలి. మా అత్తగారి ఇల్లు పాతది, రోడ్డు కంటే గడప కిందికి పోయింది. ఆవిడ పగలంతా తలుపు తెరిచి కూర్చుంటారు. కుక్క రాకుండా, సిమెంటు దిమ్మె కట్టకుండా మార్గముందా? ఆవిడ కాలు ఎత్తి దాటలేరు.

వడ్రంగి_మనుమడు

ఉంది. ద్వారబంధం లోపలి వైపున రెండు నిలువు కమ్మీలకూ చెరొక గాడి పట్టీ బిగించి, పైనుంచి జారవిడిచే పలక పెట్టించండి. నడిచేటప్పుడు పైకి లాగి గోడకు ఆనించవచ్చు. ఎత్తు అడుగున్నర చాలు. అంతకంటే ఎక్కువైతే కూర్చొన్న మనిషికి వీధి కనబడదు, ఆవిడ పలకనే తీసేస్తారు. తక్కువైతే కుక్క దూకుతుంది. బరువు తగ్గడానికి పలక పలుచగా ఉండాలి, పట్టుకోవడానికి పైఅంచున చేయి దూరేంత కోత ఉండాలి. గాడి పట్టీకి పలక మందం కంటే కొంచెం ఎక్కువ వెడల్పు ఇవ్వమనండి, లేకపోతే కార్తీకం వానలకు బిగుసుకుపోయి ఆవిడ చేతికి రాదు. పనివాడు పట్టీలను గడపకు మేకులతో దిగ్గొడతానంటే ఒప్పుకోవద్దు. మేకు కంతలోంచి నీళ్ళు దిగి గడప లోపల పుచ్చిపోతుంది. పాత గడపలు పాడైన చోటల్లా నేను చూసింది అదే. పక్క కమ్మీలకు మరలతో బిగిస్తే సరిపోతుంది.